గేటు ముందు జపమాల

మా అమ్మను వాగులో నుంచి మోసుకుపోయారు. ఈ మాట చెప్పగానే వినేవాళ్ళు, "అయ్యో, వానల్లో పోయిందా పాపం" అంటారు. నేను చెప్పేది వాన సంగతి కాదు. వాన మీద నాకు కోపం లేదు.

మా ఊరు ఉదయగిరికీ వరికుంటపాడుకూ మధ్యలో రోడ్డు దిగి కొంత లోపలికి పోతే వస్తుంది. ఊరు ఒక పక్క, మా ఎస్సీ కాలనీ ఒక పక్క. కాలనీలో సగం మందిమి కతోలికులం. రేకుల కప్పుతో చిన్న గుడి ఉంది. ఫాదర్ నెలకు రెండు ఆదివారాలు వచ్చి పూజ చేసిపోతారు. మిగతా రోజులన్నిటికీ మా నాయనే దిక్కు. ఆయన ఉపదేశి. పిల్లలకు జపాలు నేర్పడం, జబ్బుపడ్డవాళ్ళ మంచం దగ్గర కూర్చుని ప్రార్థన చెప్పడం, ఫాదర్ రాలేని రోజున చనిపోయినవాళ్ళను తనే ముందు నడిచి సాగనంపడం ఆయన పని. నేను ఆత్మకూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. అక్కడే చిన్న గది తీసుకుని ఉంటాను. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికొస్తాను.

మా సమాధుల తోట కాలనీకి పడమటి దిక్కున, ఒక పొలం దాటాక ఉంది. ఆ పొలం గట్టునే బండ్ల బాట. మా అవ్వ పోయినప్పుడు ఆ బాటనే పోయాం. ఆమె అవ్వ పోయినప్పుడూ ఆ బాటనే పోయి ఉంటారు. ఈమధ్య ఆ పొలాన్ని ఒకాయన కొన్నాడు. ఉండేది నెల్లూరులో, కారులో వచ్చి చూసుకుని పోతుంటాడు. బత్తాయి మొక్కలు పెట్టించాడు. రాతి కూసాలు నాటి, ముళ్ళతీగ లాగి, బండ్ల బాటను కూడా లోపలికి కలిపేసుకుని ఇనుపగేటు బిగించాడు. కాలనీ పెద్దలు పోయి అడిగితే, "చావొచ్చినప్పుడు చెప్పండి, గేటు తీయిస్తా" అన్నాడట. పెద్దలు సరేనని వచ్చేశారు. అడిగితేనే గేటు తీస్తాననడం ఎంత పెద్ద అవమానమో అప్పుడు ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

చావు మా ఇంటికే వచ్చింది. అమ్మ మధ్యాహ్నం అన్నం తిని, కాసేపు పడుకుంటానని చెప్పి, ఇక లేవలేదు. నేను ఆత్మకూరు నుంచి వచ్చేసరికి ఆమె నుదుటి మీద నాయన జపమాల పెట్టి ఉన్నాడు. మర్నాటికి వాన పట్టుకుంది. మా వైపు కార్తీకంలో పట్టుకునే ముసురు వాన, ఒక పట్టాన వదలదు. ఎక్కడో కల్వర్టు తెగి ఫాదర్ రాలేకపోయారు. శవపెట్టెను గుడి నుంచి లేపి గేటు దాకా తీసుకుపోయాం. గేటుకు తాళం వేసి ఉంది. కాపలా మనిషి గోనెపట్టా కప్పుకుని లోపలి నుంచే, "తాళంచెవి నా దగ్గర ల్యా. అయ్య నెల్లూర్లో ఉండాడు" అన్నాడు.

ఆయన నంబరు తీసుకుని నేనే ఫోన్ చేశాను. రెండోసారికి ఎత్తాడు.

"ఈ వానలో నేలంతా మెత్తబడి ఉండాదమ్మా. అంతమంది తొక్కితే మొక్కలు, డ్రిప్పు పైపులు ఏం గావాల? వాన తగ్గినాక చూద్దాం."

"శవాన్ని పెట్టుకుని వాన తగ్గేదాకా కూర్చోమంటారా సార్?"

"వాగు పక్క నుంచి దారి ఉండాది గదా" అని పెట్టేశాడు.

వాగు పక్క నుంచి దారి మేకలు పోయేది. మేకలు కూడా ఎండాకాలమే పోతాయి. ఆ రోజు వాగు ఎర్రగా, మోకాళ్ళ పైకి పారుతోంది. నాయన సిలువ పట్టుకుని ముందు దిగాడు. వెనక కాలనీ మగవాళ్ళు పెట్టెను భుజాల మీద పెట్టుకుని దిగారు. నడి వాగులో ఒకతని కాలు రాయి మీద జారింది. పెట్టె ఒక పక్కకు ఒరిగి, మూలదాకా నీళ్ళలో మునిగింది. ఒడ్డునున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి అరిచారు. మోస్తున్నవాళ్ళలో ఒకడు గేటు వైపు తిరిగి బూతు తిట్టాడు. ఇంకొకడు, "దించండ్రా, దీన్ని ఒడ్డున దించండి, వాడి గేటు సంగతి చూద్దాం" అన్నాడు.

అప్పుడు మా నాయన వెనక్కి తిరిగాడు. వాన నీళ్ళు మొహం మీద కారుతున్నాయి. గొంతు పెంచి అన్నాడు:

"ఒరే, ఈ యమ్మ ఎండాకాలమంతా ట్యాంకరు కాడ బిందె కోసరం కొట్లాడిన మనిషిరా. ఈ పొద్దు నీళ్ళే ఆమెను వెతుక్కుంటా వచ్చినాయి. పోనీండి, ఒకసారి మునగనీండి."

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత మోస్తున్నవాళ్ళలో ఒకడు నవ్వాడు. ఏడుస్తూనే నవ్వాడు. ఆ నవ్వు మిగతావాళ్ళకు అంటుకుంది. భుజాలు సర్దుకుని, పెట్టె పైకెత్తి, అవతలి ఒడ్డు ఎక్కారు.

నేను ఇవతలి ఒడ్డునే నిలబడిపోయాను. నా అమ్మ నీళ్ళలో తడిసిపోతుంటే ఆయనకు ఎగతాళి ఎట్లా వచ్చింది? ఆ మనిషిని జీవితంలో క్షమించకూడదనుకున్నాను. ఆ మనిషి అంటే పొలం కొన్నాయన కాదు. మా నాయన.

ఆ తర్వాత నెలల తరబడి నాకు అందరి మీదా కోపమే. అమ్మ జ్ఞాపకార్థం పూజ చెప్పించిన రోజు ఫాదర్ మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ, "కొంచెం ఓపిక పట్టండమ్మా, నేను కూడా ఆయనతో మాట్లాడతాను. గొడవ పెట్టుకుంటే పని చెడుతుంది. దేవుడు చూసుకుంటాడు" అన్నారు. ఆయన చిన్నవాడు, నాకంటే కూడా చిన్నవాడేమో. మంచివాడే. కానీ ఆ పూట ఆ మాట నాకు మంట పెట్టింది.

"ఓపిక పట్టమని మాకే చెప్తారేంది ఫాదర్? గేటు పెట్టినాయనకు ఎవురు చెప్తారు? ఆయనకు కూడా ఒకసారి ప్రసంగం చెప్పరాదా?" అన్నాను.

ఫాదర్ గ్లాసు కింద పెట్టారు. నాయన, "టీలో చక్కెర తక్కువైంది ఫాదర్, దానికే మా పాప మాట కూడా చేదైంది" అన్నాడు. ఫాదర్ తల వంచుకుని నవ్వారు. నేను లేచి లోపలికి పోయాను.

సోమవారం సోమవారం ఉదయగిరిలో ఎమ్మార్వో ఆఫీసుకు తిరిగాను. ల్యాబులో సెలవు పెట్టి, బాట కొలిపించమని అర్జీ పట్టుకుని, వరండాలో నిలబడేదాన్ని. సర్వేయరు సెలవులో ఉన్నాడని ఒకసారి, సారు మీటింగుకు పోయారని ఒకసారి, పంట ఉన్నప్పుడు కొలతలు వేయకూడదని ఒకసారి చెప్పారు. బత్తాయి తోటలో పంట లేని రోజు ఎప్పుడొస్తుందో వాళ్ళే చెప్పాలి. నాయన ప్రతిసారీ నాతో వచ్చేవాడు. నేను ఉడికిపోతూ నిలబడితే ఆయన అటెండరు పక్కన బల్ల మీద కూర్చుని వాళ్ళ మేకల ఈతల గురించి మాట్లాడేవాడు.

ఒకరోజు బస్టాండులో బస్సు కోసం చూస్తూ అడిగాను, "నీకు సిగ్గు లేదా నాయనా? వాళ్ళు మనల్ని తిప్పుతా ఉంటే వాళ్ళతోనే నవ్వతా కూర్చుంటావేంది?"

"దేవుడికీ తొందర ల్యా, ఎమ్మార్వోకీ తొందర ల్యా" అన్నాడు నాయన. "ఈ ఇద్దర్లో ఎవుర్ని నమ్ముకోవాల్నో నేను ముందే తేల్చుకున్నా. ఇంక నాకు కోపమెందుకు?"

బజ్జీలు తింటావా అని కూడా అడిగాడు. నేను వద్దన్నాను. ఆయన కొనుక్కుని తిన్నాడు.

అప్పుడే ఆయన ఒక కొత్త అలవాటు మొదలుపెట్టాడు. సాయంత్రం ఎండ తగ్గాక ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి భుజాన వేసుకుని, గేటు ముందుకు పోయి, అక్కడ వేసుకుని కూర్చుని జపమాల చెప్పుకోవడం. నేను ఆత్మకూరులో ఉంటాను గనక నాకు ముందు తెలియలేదు. ఒక శనివారం ఇంటికొస్తే తలుపు గడియపెట్టి ఉంది. పక్కింటావిడ, "మీ నాయన గేటు కాడ ఉండాడు" అంది. పోయి చూస్తే నిజంగానే ఉన్నాడు. తాళం వేసిన గేటుకు ఎదురుగా, గుడిలో పీఠం ఎదురుగా కూర్చున్నట్టు, కళ్ళు మూసుకుని పూసలు తిప్పుతున్నాడు.

అదే సమయానికి పొలం ఆయన కారు వచ్చి ఆగింది. ఆయనకు నలభై దాటి ఉండవు. అద్దం దించాడు.

"ఏంది ఉపదేశీ, ఈడ కూర్చున్నావ్?"

ఆయన వయసుకు మా నాయన తండ్రి వరస. అయినా 'నువ్వు' అనే అన్నాడు. నాయన మాత్రం లేచి నిలబడ్డాడు. దానికే నా ఒళ్ళు మండింది.

"నా పెళ్ళాం లోపల ఉండాదయ్యా. గేటుకు తాళం ఉండాది. అందుకని బయటే కూర్చుని మాట్లాడుకుంటా ఉండా."

ఆయన మొహం మారింది. "ఎంతసేపు కూర్చుంటావ్?"

"నాకేం తొందరయ్యా. నేనూ ఎప్పటికైనా లోపలికి పోవాల్సినోణ్ణే గదా. నేను పొయ్యేదాకా కూర్చుంటా. మీ చెట్లకు ఆకు ముడత పడతా ఉండాది, చూసుకున్నారా?"

ఆయన కాపలా మనిషిని పిలిచి, తాళంచెవి ఇచ్చి గేటు తీయించుకుని కారు లోపలికి పోనిచ్చాడు. వెంటనే మళ్ళీ తాళం పడింది. నాయన కూర్చుని, ఆపిన పూస దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆ వారం గడిచేసరికి కాలనీ ఆడవాళ్ళు ఒకరిద్దరు తోడు వచ్చారు. తర్వాత ఇంకొందరు. ఇళ్ళల్లో చెప్పుకునే సాయంకాల జపం గేటు ముందుకు మారింది. నినాదాలు లేవు, జెండాలు లేవు. మరియతల్లి జపాలు, మధ్యలో దగ్గులు, పిల్లల ఏడుపులు, ఎవరింట్లో ఏం కూర అనే మాటలు. జపం అయిపోయాక నాయన గేటు అవతలి కాపలా మనిషికి కూడా, "నీకూ ఆశీర్వాదం అబ్బయ్యా, నీ మోకాలి నొప్పి ఎట్టా ఉండాది?" అనేవాడు. అతను తల ఊపేవాడు.

నాకు ఇదంతా వేషంలాగా కనిపించింది. ఎవడి గేటు ముందో కూర్చుని దేవుడికి మొరపెట్టుకోవడం ఏమిటి, గేటు పగలగొట్టకుండా?

ఒక శనివారం ఇంటికొచ్చేసరికి కుర్చీ వాకిట్లో రెండు ముక్కలై పడి ఉంది. నాయన మోచేతికి పసుపు రాసిన గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. పొలం ఆయన బంధువట, కొత్తగా వచ్చిన కుర్రవాడు, జపం మధ్యలో వచ్చి కుర్చీ లాగేశాడు. నాయన గట్టు మీద పడ్డాడు. ఆ కుర్రవాడు కులం పేరు పెట్టి తిట్టాడని ఆడవాళ్ళు చెప్పారు. ఏమన్నాడో వాళ్ళు మొదట చెప్పలేదు. నేను పట్టుబట్టాక చెప్పారు. ఆ మాట ఇక్కడ రాయను.

"కుర్చీ విరిగింది గానీ ఎముక విరగలా" అన్నాడు నాయన. "ఉదయగిరిలో షామియానా సాయిబు ఇంకో కుర్చీ ఇస్తానన్నాడు. పెండ్లిళ్ళకు పోయే కుర్చీ, ఎర్ర గుడ్డ కూడా ఉంటాది. ఇంక రాజా మాదిరి కూర్చుంటా."

అప్పుడు నేను అరిచాను. నా జన్మలో ఆయన మీద అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

"నవ్వు! ఇంకా నవ్వు! అమ్మను నీళ్ళలో ముంచినప్పుడు నవ్వినావు, ఇప్పుడు నిన్ను కింద తోస్తే నవ్వతా ఉండావు. నీ ఓపికే మనల్ని ఈ గతికి తెచ్చింది. మీ నాయనా ఓపిక పట్టినాడు, నువ్వూ పట్టినావు. నీ దేవుడు కూడా వాళ్ళ పక్కనే ఉండాడు!"

నాయన నా వైపు చూశాడు. నవ్వలేదు. మోచేతి గుడ్డ సర్దుకున్నాడు.

"నాకు కోపం రాదనుకున్నావా అమ్మణ్ణీ?" అన్నాడు. "ఆ పొద్దు వాగులో మీ యమ్మ పెట్టెలోకి నీళ్ళు పోయినప్పుడు నాకు కళ్ళు కనపడలా. ఆ మోసే పిల్లోళ్ళు పెట్టె వదిలేసి గేటు మీదికి పోయేదానికి సిద్ధంగా ఉండారు. నేను ఒక్క కేక పెట్టుంటే పోయుంటారు. మీ యమ్మ వాగులో కొట్టుకోని పోయుంటాది. ఆ కుర్రోళ్ళు జైల్లో ఉందురు. ఏం జెయ్యాల్నో తెలీక దేవుణ్ణి అడిగినా. ఆయన నోట్లో పెట్టిన మాట అదొక్కటే. నవ్వు రావాలని చెప్పలా. పెట్టె నిలబడాలని చెప్పినా."

నాకు కోపం పోలేదు. అబద్ధం ఎందుకు, ఆయన మాట విన్నాక కోపం ఇంకొంచెం పెరిగింది. భార్య పెట్టె మునుగుతుంటే ఏడవడానికి కూడా వీలు లేకుండా, పదిమందిని కాపాడడానికి ఒక ముసలాయన నవ్వు పుట్టించాల్సి వచ్చింది. ఆ గతి ఆయనకు ఎవరు పట్టించారు?

"నేను స్టేషన్‌కు పోతా" అన్నాను.

"పో. నేను వద్దన్లా. ఎప్పుడన్నా వద్దన్నానా? నీ పని నువ్వు చెయ్యి, నా పని నేను చేస్తా. నీ వెనకాలే వచ్చి సంతకం కూడా పెడతా. కానీ ఆ పిలగాడు చెడిపోవాలని మాత్రం నన్ను కోరుకోమనొద్దు. అది నాకు చేతకాదు."

ఎస్సీ ఎస్టీ కేసు పెట్టాలని పోయాం. స్టేషన్లో రాజీ పడమని ఒక పూటంతా కూర్చోబెట్టారు. నేను లేవలేదు. నాయన కూడా నా పక్కనే బల్ల మీద కూర్చుని, నోట్లో నోట్లో జపం చెప్పుకుంటూ, తర్వాత నిద్రపోయాడు. గురక పెట్టాడు. రైటరు విసుక్కుని, చివరికి ఫిర్యాదు రాసుకున్నాడు. ఆయన గురకకు భయపడి రాసుకున్నాడో, నా మొహం చూసి రాసుకున్నాడో తెలియదు.

ఫిర్యాదు రాసుకున్నాక, అన్నాళ్ళు సెలవులో ఉన్న సర్వేయరు దొరికాడు. ఎమ్మార్వో కూడా జీపులో వచ్చాడు. ఫాదర్ కూడా వచ్చి, ఎండలో గొడుగు లేకుండా, ఒక్క మాట మాట్లాడకుండా మా పక్కన నిలబడ్డారు. దానికి ఆయనకు రుణపడి ఉన్నాను. బాట వెంట కొలత గొలుసు లాగారు. ఊరి పటంలో బండ్ల బాట గీత స్పష్టంగా ఉంది. పొలం ఆయన మొహం ఎర్రగా చేసుకుని, ఎమ్మార్వోను పక్కకు పిలిచి చాలాసేపు మాట్లాడాడు. వాళ్ళు తిరిగొచ్చాక తేల్చిందేమిటంటే, బాట వదులుతారు, కానీ పూర్తి వెడల్పు కాదు. మొక్కలు ఎదిగిపోయాయట. పెట్టె పట్టేంత వదులుతారట.

"బండి పోయే బాటను పెట్టె పట్టేంత చేసి ఇస్తారా? పటంలో ఉన్నంతా మాది" అన్నాను.

"సర్దుకోమ్మా, ఇదయినా వచ్చింది" అన్నాడు ఎమ్మార్వో.

కాలనీ పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నాయన ఆ సన్నటి బాట వైపు చూసి, "ఇప్పటికి చాల్లే. మనమేమన్నా అందరం ఒకేసారి పోతామా? ఒకరెనకాల ఒకరమే గదా పొయ్యేది" అన్నాడు. కాలనీ మొత్తం గొల్లుమంది. కాపలా మనిషి కూడా నవ్వాడు. ఎమ్మార్వో కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను నవ్వలేదు.

కంచె జరిపారు. కేసు ఇంకా నడుస్తోంది. నేను వెనక్కి తీసుకోలేదు.

మొన్న సకల ఆత్మల పండుగకు మొదటిసారి ఆ బాటన పోయాం. ఒకరి వెనక ఒకరం, పూలు, కొవ్వొత్తులు పట్టుకుని. ముళ్ళతీగకు ఆడవాళ్ళ చీర కొంగులు పట్టుకుంటుంటే ఆగి విడిపించుకుంటూ నడిచాం. ఫాదర్ సమాధుల మీద తీర్థం చల్లారు. అమ్మ సమాధి మట్టి ఒక పక్క దిగబడి ఉంది, ఆ రోజు నీళ్ళు నిండిన గుంటలోనే పూడ్చాం గనక. నాయన గంపతో మట్టి తెచ్చి పోసి చేతులతో సర్దాడు. నేను కొవ్వొత్తి వెలిగించాను. ప్రార్థన చేయాలని కళ్ళు మూసుకుంటే నోట్లోకి తిట్లే వచ్చాయి. దేవుణ్ణే తిట్టాను. చిన్నప్పటి నుంచి నేర్చుకున్న జపాలన్నిటికంటే ఆ తిట్లే ఆయనతో నేను నిజంగా మాట్లాడిన మాటలనిపించింది.

"నేను వాళ్ళను క్షమించలేదు నాయనా" అన్నాను లేచాక.

"నేను క్షమించినానని నీకెవురు చెప్పినారు?" అన్నాడు చేతుల మట్టి దులుపుకుంటూ. "దినామూ మొదలుపెడతా ఉండా. సాయంత్రానికి అయిపోతాది. మళ్ళీ తెల్లారి మొదలుపెడతా."

అప్పుడు నాకు నవ్వొచ్చింది. ఆయన చూడకుండా పక్కకు తిరిగాను.

మిగిలిన వెడల్పు కోసం మళ్ళీ అర్జీ పెట్టాను. సోమవారాలు సెలవు కావాలంటే మా డాక్టరు మొహం ముడుచుకుంటున్నాడు. ముడుచుకోనీ. నాయన ఎప్పటిలాగే ముందుగా బస్టాండుకు వచ్చి, నాకు కిటికీ పక్క సీటు ఆపి పెడుతున్నాడు. పేట దర్గాకు పోయేవాళ్ళు ఎవరైనా వచ్చి ఆ సీటు అడిగితే, "మా పాపకు గాలి కావాల తల్లీ, దాని లోపలంతా వేడి" అని చెప్తున్నాడు.